పూత రాలింది - పాఠం మిగిలింది

"కాలేజీలో చెట్ల చదువే గదా నువ్వు చదివేది! పూతెందుకు రాలతాందో చెప్పురా" అని మా నాయన అడిగినప్పుడు నేను ఫస్టియర్ విద్యార్థిని. మాది మదనపల్లె దగ్గర పల్లె. అది ఏప్రిల్ నెల. టమోటా మడిలో పసుపు పూలు రాలి పడి ఉన్నాయి. బలం చాలలేదనుకొని "యూరియా వేద్దాం నాయనా" అన్నాను. నాయన అంగట్లో అప్పు పెట్టి రెండు మూటలు తెచ్చాడు. ఆకు ఏపుగా పెరిగింది గానీ పూత నిలవలేదు.

నా తప్పేమిటో మరుసటి ఏడు వృక్షశాస్త్రం చదువుతుంటే తెలిసింది. టమోటా పువ్వుకు తన పుప్పొడే చాలు. గాలికి కదిలితే అది కీలాగ్రం మీద రాలుతుంది. కానీ పగటి వేడి సుమారు 35 డిగ్రీలు, రాత్రి వేడి 21 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే పుప్పొడి చచ్చుబడుతుంది. ఫలదీకరణ జరిగితే అండాశయం నుంచి ఆక్సిన్ అనే హార్మోను కాడకు అందుతుంది. కాడ మధ్యలో ఉబ్బెత్తుగా ఒక కీలు కనిపిస్తుంది, చూడండి. ఆక్సిన్ అందకపోతే పువ్వు సరిగ్గా అక్కడే తెగిపోతుంది. నత్రజని ఎక్కువైతే మొక్క బలం ఆకుకే పోతుంది. మడిని ఒకసారి ఎండగట్టి, ఒకసారి ముంచినా పూత రాలుతుంది.

కాబట్టి పూత రాలగానే అంగడికి పరుగెత్తకూడదు. ముందు ఎండను, తడిని, వేసిన ఎరువును లెక్క చూసుకోవాలి. పూత నడివేసవిలో పడకుండా నాటే అదను ఎంచుకోవాలి.

నాయన నన్నొక్క మాట అనలేదు. తెలియనప్పుడు "తెలియదు నాయనా, కనుక్కొని చెబుతా" అనడం కూడా సైన్సేనని ఆ రెండు మూటల అప్పు నాకు నేర్పింది.