మెదడులో తీగ ఎవరికి?

ప్రశ్న: నాన్నకు పార్కిన్సన్స్. మాత్ర పనిచేసినంతసేపు నడుస్తారు, తర్వాత కొయ్యబారిపోతారు. డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఆపరేషన్ చేయించమంటారా? కడిగిన చేతులే కడిగే తమ్ముడికి (ఓసీడీ) కూడా పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, దెగ్లూర్

జవాబు: మీరు చెప్పిన ఆ తేడాయే కీలకం. మాత్ర పడ్డాక చొక్కా గుండీలు తానే పెట్టుకోగలిగితే ఆపరేషన్ కూడా ఫలించే అవకాశం ఎక్కువ. వణుకు సంగతి వేరు గానీ, లెవోడోపా మాత్రకు లొంగని తూలిపడటం, మతిమరుపు ఆపరేషన్‌కీ లొంగవు. జబ్బు కూడా మాయం కాదు. ఇందులో మెదడులోకి సన్నని తీగలు దించి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ అమరుస్తారు. మామూలు బ్యాటరీని కొన్నేళ్లకోసారి మార్చాలి. ఆ ఖర్చు ముందే అడగండి, చాలామంది అడగరు. మీకు ముంబై కన్నా హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి దగ్గర. అక్కడికి వెళ్లినా, పరీక్ష కోసమని మాత్రలు సొంతంగా ఆపకండి.

తమ్ముడి విషయంలో తొందర వద్దు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2009లో ఓసీడీకి డీబీఎస్‌ను అనుమతించింది, అదీ మందులకు ఏమాత్రం తగ్గని తీవ్రమైన కేసులకే. ముందు సైకియాట్రిస్టు దగ్గర పూర్తి మోతాదులో మందులు, చేయి కడగకుండా ఓర్చుకోవడం నేర్పే థెరపీ చూడాలి. మన దేశంలో 2017 చట్టం ప్రకారం మానసిక వ్యాధికి మెదడు ఆపరేషన్ చేయాలంటే రోగి సమ్మతి, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి రెండూ కావాలి. అక్కగా మీరు సంతకం పెడితే చాలదు.