ఇంటికి కప్పు వేసే తొందరలో...
(ఆరోగ్య పాఠము: కుటుంబ ప్రార్థనలలోను, స్త్రీల సమాజ కూడికలలోను చదువుకొనుటకు)

చదువవలసిన వాక్యభాగము: 1 సమూయేలు 30:1-25



ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే 14వ తేదీన బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు, మంటలు ఆర్పడానికి వెళ్లిన సిబ్బంది ఎందరో ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థమే ఈ వారం. మన పల్లెలకు కూడా ఇది నిప్పుతో భయపడవలసిన కాలం. తాటాకు ఎండి పెళపెళలాడుతూ ఉంటుంది. మధ్యాహ్నం వడగాలి లేస్తుంది. పొయ్యిలోంచి ఒక్క నిప్పురవ్వ ఎగిరితే చాలు.

నిప్పు అంటుకోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు అందరూ చెబుతారు. మంట ఆరిపోయిన తరువాత ఆ కుటుంబం ఎలా నిలబడాలి అన్నది చెప్పేవారు తక్కువ. ఈ పాఠం దాని గురించే. ముఖ్యంగా ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇంటికి కప్పు కొద్ది నెలల్లో పడుతుంది. కాలిన చర్మం కుదుటపడడానికి ఏడాది నుండి రెండేళ్లు పడుతుంది. మొదటి పని తొందరలో రెండవది వదిలేసిన కుటుంబాలను మేము వార్డులో చాలాసార్లు చూస్తున్నాము.

1. ఒక కుటుంబం

2022 మార్చిలో ఒక వ్యవసాయ కూలి కుటుంబంలోని తల్లి మా దగ్గర చేరింది. మధ్యాహ్నం వేళ తాటాకు ఇంటికి నిప్పంటుకుంది. లోపల నిద్రపోతున్న ఆరేళ్ల కొడుకును బయటికి లాక్కొచ్చేటప్పుడు ఆమె కుడి చెయ్యి, చంక, మెడ పక్కభాగం కాలిపోయాయి. బిడ్డకు దెబ్బ తగలలేదు. ఇల్లు, బియ్యం, బట్టలు, కాగితాలు అన్నీ బూడిదయ్యాయి.

తొడ నుండి చర్మం తీసి చెయ్యికి అతికించారు. అయిదు వారాలకు ఇంటికి పంపేటప్పుడు చెయ్యిని చాపి ఉంచే స్ప్లింట్ ఇచ్చి, వ్యాయామాలు నేర్పి, రెండు వారాలకొకసారి రమ్మని చెప్పాము. ఆమె ఒక్కసారే వచ్చింది. భర్త పగలు కూలికి వెళ్లి, సాయంత్రం గోడలు లేపుకుంటున్నాడు. బస్సు చార్జీ మిగిలితే అది సిమెంటుకు పోయేది. తొమ్మిదో తరగతి చదివే కూతురు బడి మాని వంట, నీళ్లు చూసుకుంటోంది. అత్తగారు కూడా ఉన్నారు గాని ఆమెకు చూపు ఆనదు.

ఆగస్టులో రేకుల ఇల్లు పూర్తయి గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నారు. అందరూ చేతులెత్తి స్తుతించే సమయంలో ఆ తల్లి ఎడమ చెయ్యి మాత్రమే ఎత్తింది. కుడి చెయ్యి చంక దగ్గర అతుక్కుపోయి భుజం ఎత్తు వరకు కూడా రావడం లేదని పాస్టరుగారు గమనించి, మరుసటి వారం మా దగ్గరికి పంపించారు. ఇల్లు లేచింది గాని చెయ్యి లేవలేదు.

2. మొదటి గంటలో చేయవలసినవి

బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు. నేలమీద పడి దొర్లాలి. పక్కనున్నవారు దుప్పటి కప్పి మంట ఆర్పవచ్చు. మంట ఆరాక కాలిన చోట మామూలు చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పొయ్యాలి. ఆలస్యమైనా మొదటి మూడు గంటల లోపు ఇలా చేస్తే మేలే. ఐసు పెట్టకూడదు. చిన్నపిల్లలకు, ఎక్కువ కాలినవారికి ఒళ్లు చల్లబడిపోకుండా మిగతా శరీరానికి దుప్పటి కప్పాలి.

గాజులు, ఉంగరాలు, మొలతాడు వాపు రాకముందే తీసెయ్యాలి. అతుక్కుపోయిన బట్టను లాగవద్దు. సిరా, టూత్‌పేస్టు, పసుపు, పేడ, కోడిగుడ్డు సొన, నెయ్యి ఏదీ పుయ్యవద్దు. వాటిని తీసేటప్పుడు రోగి పడే బాధ చూడలేము, పైగా గాయం ఎంత లోతో తెలియదు. ఉతికిన తెల్లని గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోను చెయ్యండి. అగ్నిమాపక కేంద్రానికి 101, ఏ అత్యవసరానికైనా 112.

గదిలో పొగ పీల్చినవారికి ఒంటిమీద బొబ్బ కూడా లేకపోవచ్చు. గొంతు బొంగురుపోయినా, ముక్కులో మసి కనిపించినా, దగ్గు ఆగకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. లోపల శ్వాసనాళం వాచి, కొన్ని గంటల తరువాత ఊపిరి ఆడకపోవచ్చు.

3. ఇంటికి వెళ్లాక అసలు పని

గాయం మానిందంటే వైద్యం అయిపోయిందని చాలామంది అనుకుంటారు. లోతుగా కాలిన చోట కొత్తగా వచ్చిన చర్మం నెలల తరబడి బిగుసుకుంటూ, గట్టిపడుతూ ఉంటుంది. రోగికి ఎలా పెట్టుకుంటే హాయిగా ఉంటుందో అలాగే అది ముడుచుకుపోతుంది. చెయ్యి ఒంటికి ఆనించుకుంటే చంక అతుక్కుంటుంది. తలకింద దిండు పెట్టుకుంటే మెడ కిందికి వంగిపోతుంది. అందుకే ఇవి పాటించండి.

- మెడ కాలినవారు తలకింద దిండు వాడవద్దు. భుజాల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోవాలి.
- చంక కాలితే పడుకున్నప్పుడు చెయ్యిని ఒంటికి దూరంగా, పక్కకు చాపి ఉంచాలి.
- స్ప్లింట్ ఎన్ని గంటలు కట్టుకోమన్నారో అన్ని గంటలూ కట్టుకోవాలి. రాత్రిపూట విప్పెయ్యకూడదు.
- చెప్పిన వ్యాయామాలు రోజుకు నాలుగైదుసార్లు చెయ్యాలి. గోడకు వేళ్లు ఆనించి కొంచెం కొంచెంగా పైకి పాకించడం మంచి వ్యాయామం. ఎక్కడిదాకా వెళ్లిందో బొగ్గుతో గీత పెట్టుకోండి. వారం వారం గీత పైకి జరగాలి.
- గాయం పూర్తిగా మూసుకున్న తరువాత కొబ్బరినూనెతో మెల్లగా మర్దన చెయ్యండి. చర్మం మెత్తబడుతుంది, దురద తగ్గుతుంది. గోళ్లు కత్తిరించుకోండి.
- మచ్చ లావెక్కకుండా బిగుతుగా ఉండే ప్రత్యేక తొడుగు ఇస్తే, స్నానానికి, మర్దనకు తప్ప తియ్యవద్దు. ఎండలోకి వెళితే పొడుగు చేతుల జాకెట్టు వేసుకోవాలి.

తిండి విషయంలో పెద్దవాళ్లు పెట్టే పథ్యాలు హాని చేస్తాయి. పప్పు తింటే చీము పడుతుందనీ, గుడ్డు, చేప వేడి చేస్తాయనీ చారన్నం పెట్టి రోగిని చిక్కిపోనిస్తారు. కాలిన శరీరం మామూలుకంటే ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. చర్మం కట్టడానికి మాంసకృత్తులే సరుకు. గోడకు ఇటుకలు లేకుండా కట్టగలమా? రోజూ పప్పు, గుడ్లు, పాలు లేదా పెరుగు, వేరుసెనగ పప్పులు, వీలైనప్పుడు చేపలు పెట్టండి. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరుగారి సలహాతో తినాలి.

4. బూడిద ఎత్తే ముందు

కాలిన ఇంట్లోకి వెంటనే వెళ్లవద్దు. కరెంటు తీగ తెగి ఉండవచ్చు, గోడ కూలవచ్చు. కరెంటువారు లైను తీశారని తెలుసుకొని వెళ్లండి. సిమెంటు రేకులు పగిలి ఉంటే నీళ్లు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకొని తియ్యాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పిల్లలను రానివ్వవద్దు. పొగ పట్టిన పిండి, నూనె, సెగ తగిలిన మందులు పారెయ్యండి.

శుభ్రం చేసే ముందు ఫోటోలు తీయించండి. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు, అగ్నిమాపక కేంద్రం ఇచ్చే పత్రం, రెవెన్యూవారి విచారణ, ఈ మూడూ తరువాత ప్రతి సాయానికీ ఆధారం. గ్యాసు వల్ల ప్రమాదం జరిగితే డీలరుకు వెంటనే రాతపూర్వకంగా తెలపాలి. కనెక్షన్ ఉన్నవారికి ఆయిల్ కంపెనీలు చేయించిన బీమా ఉందని చాలామందికి తెలియదు. గ్యాసు లీకైతే ఫోను చేయవలసిన నంబరు 1906.

ఆధార్ సంఖ్య గుర్తుంటే కార్డు మళ్లీ తీసుకోవచ్చు. ఇంటి దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు ఇస్తారు. పదవ తరగతి మార్కుల జాబితాకు చదివిన బడి హెడ్మాస్టరుగారి ద్వారా దరఖాస్తు పెట్టాలి. ఆరోగ్య పథకం కార్డు కాలిపోయిందని వైద్యం మానుకోవద్దు. ఆస్పత్రిలో ఆ పథకం కౌంటరు దగ్గర అడగండి.

కాలిన నోట్లను పారెయ్యవద్దు, విడదియ్యవద్దు. దూది పరచిన డబ్బాలో కదలకుండా పెట్టుకోండి. కొద్దిగా అంచు కాలిన నోటును బ్యాంకులో అడగవచ్చు. బాగా మాడి పెళుసెక్కిన నోట్లను బ్యాంకు బ్రాంచీలు తీసుకోవు. వాటిని రిజర్వు బ్యాంకు కార్యాలయంలో ఇవ్వాలి, మనకు దగ్గరిది హైదరాబాదులో ఉంది. మిగిలిన భాగాన్ని చూసి ఎంత ఇవ్వాలో వారు నిర్ణయిస్తారు. బంగారం ముక్క ఉంటుందనుకుంటే బూడిదను జల్లెడ పట్టండి.

5. ఎవరిది తప్పు?

ఇప్పుడు వాక్యభాగానికి వద్దాము. దావీదు, అతని మనుషులు తిరిగి వచ్చేసరికి సిక్లగు కాలిపోయి ఉంది. భార్యాబిడ్డలను శత్రువులు చెరపట్టుకుపోయారు. వారు ఏడ్చే శక్తి లేకుండా పోయేదాకా ఏడ్చారు. ఆ వెంటనే ఏమనుకున్నారు? దావీదును రాళ్లతో కొట్టాలని. కాల్చినవారు అమాలేకీయులు, కోపం మాత్రం ఎదురుగా ఉన్న తమ నాయకుడి మీద.

కాలిన ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. పైన చెప్పిన కుటుంబంలో అత్తగారు, పొయ్యి సరిగా ఆర్పలేదని కోడలిని వార్డులోనే అనేవారు. కోడలు మారుమాటాడకుండా గోడవైపు తిరిగి పడుకునేది. తానే కారణమనుకున్న మనిషి తన చెయ్యి బాగుచేసుకోవాలని కోరుకోదు. స్ప్లింట్ కట్టుకోకపోవడానికి బస్సు చార్జీ ఒక్కటే కారణం కాదని మాకు తరువాత అర్థమైంది. మా సిస్టర్లు అత్తగారిని కూర్చోబెట్టి, "అమ్మా, మీ మనవడు బతికింది ఈ చేతి వల్లే కదా" అన్నారు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. మరునాటి నుండి కొబ్బరినూనె మర్దన తానే చేసింది. చూపు లేకపోయినా చేతులకు పని తెలుసు.

ఎవరైనా కావాలని నిప్పంటించి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు దాచకుండా డాక్టరుగారికి, పోలీసులకు చెప్పాలి. ఆ మాట చెప్పిన స్త్రీకి తోడుగా నిలబడడం సంఘం బాధ్యత.

అదే అధ్యాయంలో ఇంకొక సంగతి ఉంది. ఆరువందల మందిలో రెండువందల మంది అలసిపోయి బెసోరు వాగు దగ్గర ఆగిపోయారు. యుద్ధానికి వెళ్లినవారితో పాటు సామాను దగ్గర ఉన్నవారికి కూడా సమాన భాగం ఇవ్వాలని దావీదు కట్టడ చేశాడు. ఇంట్లో పనిచెయ్యలేక కూర్చున్న రోగికి గుడ్డు, పాలు, బస్సు చార్జీ పెట్టడం దయ కాదు, ఆమె భాగం ఆమెకు ఇవ్వడం.

6. పిల్లల మనసు

మంటలు చూసిన పిల్లలు నిద్రలో ఉలిక్కిపడతారు, పక్క తడుపుతారు, అగ్గిపుల్ల గీసినా ఏడుస్తారు. కొట్టవద్దు, ఎగతాళి చెయ్యవద్దు. జరిగింది వాళ్లు చెబుతుంటే వినండి. వీలైనంత త్వరగా బడికి పంపండి. రోజూ ఒకే వేళకు తిండి, ఆట, బడి, ప్రార్థన ఉంటే భయం మెల్లగా తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే, పెద్దవాళ్లలో ఎవరైనా చనిపోవాలని మాట్లాడితే, డాక్టరుగారికి చూపించండి. 14416 నంబరుకు ఫోను చేస్తే మానసిక ఆరోగ్య నిపుణులు ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

7. సంఘం ఏమి చెయ్యగలదు?

మొదటి వారం బియ్యం, చీరలు, గిన్నెలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. మూడో నెలలో ఎవరూ రారు. అసలు అవసరం అప్పుడే. ఆ కుటుంబం విషయంలో స్త్రీల సమాజం సభ్యులు వంతులు వేసుకున్నారు. ఆస్పత్రికి రావలసిన ప్రతిరోజూ ఒకరు తోడు వచ్చారు, ఇంకొకరు ఆ పూట ఇంట్లో వంట చేశారు. హెడ్మాస్టరుగారు అమ్మాయిని అక్టోబరులో మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. డిసెంబరులో తల్లికి చంక విడదీసే ఆపరేషన్ జరిగింది. ఈసారి ఆమె ఒక్క తేదీ కూడా తప్పలేదు. కొత్త ఇంటి గోడమీద బొగ్గుగీతలు పైకి పాకాయి. 2023లో కూతురు పదో తరగతి పాసైంది. ఆ వేసవిలో తల్లి తన జడ తానే వేసుకోగలిగింది. చెయ్యి పూర్తిగా మునుపటిలా రాలేదు. బరువు బిందె ఎత్తలేదు. నాట్లకు మాత్రం వెళుతోంది.

కాబట్టి మీ ఊరిలో ఇల్లు కాలినవారుంటే, ఇల్లు ఎంతవరకు వచ్చిందని అడిగేటప్పుడు, ఆస్పత్రికి మళ్లీ ఎప్పుడు రమ్మన్నారని కూడా అడగండి. ఆ తేదీని సంఘ కార్యదర్శి పుస్తకంలో రాసి ఉంచండి.

కూడికలో చర్చించుకొనుటకు

1. సిక్లగులో ప్రజలు తమ దుఃఖాన్ని ఎవరి మీద చూపారు? మన ఇళ్లలో అలా ఎప్పుడు జరుగుతుంది?
2. కాలిన గాయం మీద మన ఊరిలో ఏమేమి పూస్తున్నారు? బదులుగా ఏమి చెయ్యాలి?
3. మన వీధిలో ఇల్లు కాలిన కుటుంబం ఏదైనా ఉందా? మూడో నెలలో, ఆరో నెలలో వారి దగ్గరికి ఎవరు వెళతారు? పేర్లు రాసుకోండి.
4. మీ ఇంటి ముఖ్యమైన కాగితాల నకళ్లు వేరొక చోట ఉన్నాయా?

ఈ వేసవిలో దేవుడు మీ గృహములను కాపాడును గాక.