అమ్మ ఫోన్ పిల్లల చేతికిచ్చే ముందు

మన ఇళ్లలో చాలామంది చిన్నపిల్లలకు సొంత ఫోన్ ఉండదు. అన్నం తినేటప్పుడు అమ్మ ఫోన్, సాయంత్రం నాన్న ఫోన్, సెలవులకు ఊరెళ్తే తాతయ్య ఫోన్. నాలుగేళ్ల పిల్ల యూట్యూబ్ తెరిచినా, ఆ యాప్ దృష్టిలో చూస్తున్నది పెద్దవాళ్లే. అందుకే హత్య వార్తలు, దెయ్యాల సినిమా ముక్కలు, బూతు రీల్స్ అన్నీ పిల్ల ముందుకే వస్తాయి. కంపెనీలు పిల్లల కోసం పెట్టిన రక్షణల్లో చాలావరకు పిల్లల పేరున అకౌంట్ ఉంటేనే పనిచేస్తాయి. కాబట్టి ముందు సర్దుకోవాల్సింది మన ఫోన్లు.

1. మీ ఫోన్‌లోనే పిల్లలకు వేరే చోటు చేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో ‘మల్టిపుల్ యూజర్స్’ ఉంటుంది. అక్కడ పిల్లల కోసం ఒక యూజర్‌ని పెడితే మీ వాట్సాప్, గ్యాలరీ, బ్యాంకు యాప్‌లు వాళ్లకు కనిపించవు. మీ ఫోన్‌లో అది లేకపోతే ‘యాప్ పిన్నింగ్’ వాడండి. కార్టూన్ ఉన్న యాప్‌ని పిన్ చేసి, బయటికి రావాలంటే పిన్ నంబరు అడిగేలా పెట్టి ఇవ్వండి. ఐఫోన్‌లో ఇదే పనికి ‘గైడెడ్ యాక్సెస్’ ఉంది.

2. పిల్లలకంటూ ఫోనో ట్యాబో కొంటే, చేతికివ్వకముందే గూగుల్ ‘ఫ్యామిలీ లింక్’ పెట్టండి. ఇది ఉచితం. వాళ్లు కొత్త యాప్ వేసుకోవాలంటే మీ ఫోన్‌కి అనుమతి కోరుతూ కబురొస్తుంది. రోజుకెంతసేపు చూడాలి, రాత్రి ఎన్నింటికి ఫోన్ ఆగిపోవాలి అన్నది కూడా మీరే నిర్ణయించవచ్చు. నెలలు గడిచాక పెడితే గొడవవుతుంది, మొదటి రోజే పెడితే అదొక ఇంటి పద్ధతి అవుతుంది.

3. చిన్నపిల్లలకు మామూలు యూట్యూబ్ వద్దు, ‘యూట్యూబ్ కిడ్స్’ వేయండి. అందులో కామెంట్లు ఉండవు. నాలుగేళ్ల వరకు, 5–8, 9–12 అని వయసులవారీగా విభాగాలుంటాయి. అలాగని అది పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోతే సరిపోదు. 2017లో ‘ఎల్సాగేట్’ పేరుతో ప్రపంచమంతా గగ్గోలు లేచింది గుర్తుందా? ఎల్సా, స్పైడర్‌మ్యాన్ వంటి పిల్లల బొమ్మలతోనే హింస, అసభ్యత నింపిన వీడియోలు పిల్లల మధ్యకు వచ్చేశాయి. జల్లెడ పట్టేది యంత్రమైనప్పుడు కొన్ని జారిపోతాయి. అందుకే ఐదేళ్లలోపు పిల్లలకు ‘అప్రూవ్డ్ కంటెంట్ ఓన్లీ’ అన్న ఏర్పాటు మంచిదని నా అభిప్రాయం. మీరు చూసి ఎంచిన చానెళ్లే వస్తాయి, వెతకడం కుదరదు. ఒక ఆదివారం గంటసేపు కూర్చుంటే ఆ పని అయిపోతుంది.

4. ఆటోప్లే ఆపేయండి. ఒక వీడియో అయ్యాక ఇంకొకటి దానంతటదే మొదలవ్వకూడదు.

5. ఎంతసేపు చూడనివ్వాలన్న దానికి భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ 2021లోనే కొలతలు ఇచ్చింది. రెండేళ్లలోపు వారికి వీడియో కాల్ తప్ప తెరే వద్దు. రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజుకు గంట దాటకూడదు.

6. వాట్సాప్‌ని మరిచిపోకండి. భయపెట్టే బొమ్మలు ఎక్కడో చీకటి సైట్ల నుంచే రావు, మన బంధువుల గ్రూపుల్లోంచీ వస్తాయి. రోడ్డు ప్రమాదంలో నలిగిన శరీరాలు, కత్తిపోట్ల సీసీ కెమెరా దృశ్యాలు ‘జాగ్రత్త’ అంటూ పెద్దవాళ్లే పంపుతారు. అవి ఫోన్‌లోకి దిగి, పిల్లలు తిప్పే గ్యాలరీలో చేరతాయి. సెట్టింగ్స్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్, ‘మీడియా విజిబిలిటీ’ రెండూ ఆపేయండి. మిమ్మల్ని గ్రూపుల్లో చేర్చే వీలు ‘మై కాంటాక్ట్స్’కే ఇవ్వండి. ఇలాంటి వీడియోలు పంపొద్దని గ్రూపులో మర్యాదగా ఒక్క మాట చెప్పండి. బాబాయి నొచ్చుకుంటారేమోనని ఊరుకోవద్దు.

7. వేసవి సెలవులకు ముందు అమ్మమ్మ, తాతయ్యల ఫోన్లు కూడా సరిచేసి రండి. పిల్లలు ఎక్కువసేపు, ఎవరూ చూడకుండా ఫోన్ చూసేది అక్కడే.

8. టీవీకి కూడా తాళం ఉంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు ప్రతి సినిమాకూ యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని గుర్తు వేయాలి. 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు లాక్ వేసుకునే వీలివ్వాలి. పిల్లలకు విడిగా ప్రొఫైల్ చేసి, మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టండి.

9. ఇంట్లో వైఫై ఉంటే రౌటర్ డీఎన్ఎస్ స్థానంలో 1.1.1.3, 1.0.0.3 అని ఇవ్వండి. ఇది క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ కుటుంబాల కోసం 2020లో ఉచితంగా తెచ్చిన సేవ. అశ్లీల సైట్లను చాలావరకు అడ్డుకుంటుంది. మీకు చేతకాకపోతే నెట్ కనెక్షన్ కుర్రాడిని అడగండి. మొబైల్ డేటాకి మారితే మాత్రం ఇది పనిచేయదు.

10. కొత్త సినిమా ఉచితంగా చూపించే పైరసీ సైట్లు ఇంట్లో ఎవరూ తెరవకండి. ఆ సైట్ల చుట్టూ ఉండేవి బూతు ప్రకటనలు, బెట్టింగ్ యాప్‌లే. నాన్న పక్కన కూర్చుని చూసిన దారిని పిల్లాడు రేపు ఒంటరిగా పట్టుకుంటాడు.

11. ఆటల్లో చాట్ ఎక్కడుందో చూసి మూసేయండి. ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, రోబ్లాక్స్‌లో రోబక్స్ ఇస్తానని స్నేహం చేసి, తర్వాత వాట్సాప్ నంబరు, ఆపైన ఫోటో అడిగేవాళ్లున్నారు. ‘ఉచితంగా ఇస్తానన్నవాళ్ల సంగతి నాకు చెప్పు’ అన్నది పదేళ్ల పిల్లలకు బాగానే అర్థమవుతుంది.

12. ఇన్‌స్టాగ్రామ్‌లో పుట్టిన సంవత్సరం నిజమే రాయించండి. 13 ఏళ్లలోపు వారికి అసలు అకౌంటే ఉండకూడదు. టీనేజ్ పిల్లలకు ‘టీన్ అకౌంట్’ రక్షణలు మన దేశంలో 2025 నుంచి వచ్చాయి. అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, కొత్తవాళ్లు మెసేజ్ పెట్టలేరు. వయసు ఎక్కువ వేస్తే ఇవన్నీ పోతాయి.

13. పిల్లలు వచ్చి చెప్పేలా ఉండండి. ఏదో చూసి భయపడ్డ పిల్లాడు నోరు విప్పకపోవడానికి పెద్ద కారణం ఫోన్ లాక్కుంటారన్న భయమే. ‘నాన్నా, ఏం చూసినా, ఎవరేం అడిగినా నాకు చెప్పు. నిన్ను తిట్టను, ఫోన్ లాక్కోను’ అని ముందే మాటివ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. వాడు చెప్పిన రోజు మీ గుండె దడదడలాడినా గొంతు పెంచకండి. తప్పు పంపినవాడిది, చూసిన పిల్లాడిది కాదు. ఆడపిల్లకి ఎంత చెప్తారో మగపిల్లాడికీ అంతే చెప్పండి. ఫోటోలతో బెదిరించి డబ్బు లాగే ముఠాలు అబ్బాయిలనూ పట్టుకుంటాయి.

14. ఎవరైనా బెదిరిస్తుంటే డబ్బు పంపకండి, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. చాట్ చెరిపేయకండి. అవతలివాడి ప్రొఫైల్ పేరు, లింకు, నంబరు, సమయం రాసిపెట్టుకోండి. పిల్లల నగ్న ఫోటోని మాత్రం సాక్ష్యం కోసమని కూడా బంధువులకో టీచరుకో ఫార్వర్డ్ చేయకండి. ఐటీ చట్టం 67బీ కింద అది నేరం, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఫోన్‌ని ఉన్నదున్నట్టు పోలీసులకు చూపించండి. ఫోటో బయటికి వెళ్లిందనిపిస్తే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి దాని ఆధారంగా ఫోటోని వెతికి తీసేస్తాయి. కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలపై లైంగిక అకృత్యాల వీడియోల గురించి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. సైబర్ మోసాలకు 1930, ఆపదలో ఉన్న పిల్లలకు 1098, అత్యవసరానికి 112. ఈ మూడు నంబర్లూ ఇవాళే మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, పిల్లలకూ నేర్పండి.