కేదారం దారిలో

కేదార్‌నాథ్ హిమాలయాల్లో ఉంది. ఉత్తరాఖండ్ రాష్ట్రంలో ఉంది. మనవాళ్లు కేదారం అంటారు. పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఇదొకటి. మన శ్రీశైలం కూడా ఆ పన్నెండులోదే.

ఆ గుడి ఏడాదంతా తెరిచి ఉండదు. ఏప్రిల్ నెలాఖరులోనో, మే నెలలోనో తెరుస్తారు. దీపావళి వెళ్లాక భగినీ హస్త భోజనం నాడు మూసేస్తారు. ఆపైన అంతా మంచే. ఆ ఆరు నెలలూ స్వామి ఉత్సవ విగ్రహం కింద ఉఖీమఠ్ అనే ఊళ్లో ఉంటుంది. పూజలు అక్కడే చేస్తారు.

మన తిరుమల కొండ ఎత్తు సుమారు 850 మీటర్లు. కేదారం ఎత్తు 3,580 మీటర్ల పైమాటే. అంటే తిరుమలకు నాలుగింతలు. అంత ఎత్తున గాలి పల్చగా ఉంటుంది. ఇక్కడ మూడు పాళ్లు ప్రాణవాయువు అందితే అక్కడ రెండు పాళ్లే అందుతుంది. ఆ గాలికి ఒళ్లు అలవాటు పడాలి. అందుకు రోజులు పడుతుంది. తొందరపడి ఎక్కితే జబ్బు చేస్తుంది. దీనికి వయసుతో పని లేదు. పాతికేళ్ల కుర్రాడికీ రావచ్చు. హెలికాప్టర్‌లో పోయేవాళ్లు కొద్ది నిమిషాల్లో పైన దిగుతారు. కాళ్లకు శ్రమ తప్పుతుంది గానీ, ఈ జబ్బు తప్పుతుందని లేదు.

గోదావరి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు పద్నాలుగు మంది కేదారం బయలుదేరారు. మూడేళ్లు నెలనెలా డబ్బు దాచుకున్నారు. వాళ్లలో ఒక అత్తా కోడలూ ఉన్నారు. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. బయలుదేరే ముందు అత్తను పట్నం డాక్టరమ్మకు చూపించింది. బి.పి., షుగర్ పరీక్షలు చేయించింది. డాక్టరమ్మ కొన్ని జాగ్రత్తలు చెప్పింది. కోడలు వాటిని చిన్న పుస్తకంలో రాసుకుంది. అక్షరాలు వంకరగా వచ్చాయి. అయినా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

యాత్రకు ముందే పేర్లు నమోదు చేయించుకోవాలి. ఆ పనీ చేశారు.

హరిద్వార్ దాకా రైలు. అక్కడినుంచి బస్సు. దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలుస్తాయి. గంగ అనే పేరు అక్కడినుంచే మొదలు. దారి పక్క రాళ్ల మీద ఊళ్ల పేర్లు హిందీలో ఉన్నాయి. అంకెలు మాత్రం మన పుస్తకంలో ఉన్నవే. ఇంకెన్ని కిలోమీటర్లో కోడలు అందరికీ చదివి చెప్పింది.

గుప్తకాశిలో ఒక్క రాత్రే ఆగారు. “ఇంకో రోజు ఉందాం” అంది కోడలు. “ఖర్చు ఎవరు పెడతారు?” అన్నారు మిగతావాళ్లు.

మర్నాడు గౌరీకుండ్ చేరారు. అక్కడితో బండ్లు ఆగిపోతాయి. ఆపైన సుమారు 16 కిలోమీటర్ల నడక. నడవలేనివాళ్లకు గుర్రాలున్నాయి, డోలీలున్నాయి. అత్త నడుస్తానని మొక్కుకుంది. ఆ రోజు సోమవారం. ఉపవాసం. పైగా పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టలేదు.

“నీళ్లు తాగండి అత్తయ్యా.”

“తాగితే మళ్లీ పోవద్దూ? ఇంతమంది మగాళ్ల మధ్య ఎక్కడికి పోనమ్మా?”

ఈ బాధ అత్త ఒక్కదానిదే కాదు. బస్సెక్కినా, తిరునాళ్లకు పోయినా, ఆడవాళ్లు చాలామంది నోరు కట్టేసుకునే ఉంటారు. ఆ కొండ మీద చలికి దాహం తెలియదు. కానీ ఊపిరితోనే ఒంట్లో నీరు పోతూ ఉంటుంది. దారిలో అక్కడక్కడా మరుగుదొడ్లు ఉన్నాయి. అత్త వాటివైపు చూడనైనా లేదు.

దారిలో రాంబాడా అనే చోటు వచ్చింది. అక్కడొక ఊరుండేది. 2013 జూన్ 16, 17 తేదీల్లో పెద్ద వానలు కురిశాయి. పైనున్న చోరాబారీ చెరువు తెగింది. ఆ వరదలో రాంబాడా కొట్టుకుపోయింది. వేలమంది చనిపోయారు. కేదారం గుడి వెనక ఒక పెద్ద బండ వచ్చి ఆగింది. నీళ్లు ఆ బండకు తగిలి పక్కలకు చీలాయి. గుడి నిలిచింది. పాత దారి పోయింది. కొత్త దారి మందాకిని నది అవతలి ఒడ్డున వేశారు. అది బాగా ఎక్కుడు.

ఆ ఎక్కుడులో, లించోలీ దగ్గర, అత్తకు తలనొప్పి మొదలైంది. తర్వాత వాంతి అయింది. నడిస్తే తూలుతోంది.

“స్వామి పరీక్ష పెడుతున్నాడు. ఇంకా నాలుగైదు కిలోమీటర్లే. శివ శివా అంటూ ఎక్కించండి” అంది సంఘంలో పెద్దావిడ.

కోడలు పుస్తకం తీసింది. వేలు పెట్టి, గట్టిగా చదివింది. “తలనొప్పి, వాంతి వస్తే పైకి పోకూడదు. తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగాలి. ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది.”

ఎవరూ మాట్లాడలేదు. అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఇంత దూరం వచ్చి వెనక్కి పోవాలా అమ్మాయ్?”

“పోవాలి అత్తయ్యా. నేనూ వస్తాను.”

దగ్గర్లో వైద్య శిబిరం ఉంది. అక్కడ అత్తకు ప్రాణవాయువు పెట్టారు. కిందికి తీసుకుపొమ్మని డాక్టరూ చెప్పాడు. డోలీ మాట్లాడారు. గౌరీకుండ్ చేరేసరికి తలనొప్పి సగం తగ్గింది. ఆ రాత్రి అత్త వేడి అన్నం తింది.

పన్నెండు మంది పైకి పోయి దర్శనం చేసుకుని వచ్చారు. అత్తా కోడలూ గుప్తకాశిలో రెండు రోజులున్నారు. గుప్తకాశికి ఎదురుగా, లోయ అవతల ఉఖీమఠ్ కనబడుతుంది. మూడో రోజు జీపులో అక్కడికి పోయారు. స్వామి చలికాలమంతా ఉండే గుడి చూశారు. అత్త చాలాసేపు గడప దగ్గరే కూర్చుంది.

ఊరికి వచ్చాక ఇరుగుపొరుగు అడిగారు. “కేదారం చూశావా వదినా?”

“లేదు. లించోలీ దాకా పోయి దిగొచ్చాను” అంది అత్త. ఆ మాట చెప్పడానికి మొదట్లో సిగ్గుపడేది. ఇప్పుడు పడడం లేదు.

మళ్లీ డబ్బు దాస్తోంది. గుప్తకాశిలో రెండు రాత్రులు, గౌరీకుండ్‌లో ఒకటి, లించోలీలో ఒకటి అని వేళ్ల మీద లెక్క పెడుతోంది. నీళ్ల సీసా ఒకటి అప్పుడే కొనిపెట్టుకుంది.