పాత మిద్దెకు కొత్త విలువ: అనంతపురంలో ఇల్లు బాగుచేయించడం ఎలా?

మన అనంతపురంలో ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు గడప దాటకముందే నీళ్ల సంగతి అడుగుతారు. బోరు పోస్తోందా, సంపు ఎంత పెద్దది, మిద్దె కారుతుందా? రంగులు, అల్మారాలు చూసేది ఆ తర్వాతే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అందుకే మన ప్రణాళిక కూడా కప్పుతో, నీళ్లతో మొదలుపెడదాం.

కావలసినవి

టేపు, గడుల నోటుపుస్తకం, పెన్సిల్, టార్చి, ఒక బకెట్ నీళ్లు. ఇంటి దస్తావేజులు, ఈసీ, పన్ను రశీదు. కనీసం ముగ్గురు మేస్త్రీల దగ్గర రాయించుకున్న అంచనాలు. చేతిలో ఉన్న డబ్బులో ఐదో వంతు పక్కన పెట్టండి. పాత గోడ విప్పితే లోపల ఏముందో ముందే ఎవరూ చెప్పలేరు.

చేసే పద్ధతి

1. ముందు వీధి ధర తెలుసుకుందాం. ఈ మధ్య మన వీధిలో అమ్ముడైన ఇళ్లు ఎంతకు పోయాయో నలుగురిని అడగండి. ఇంటి నేటి ధరకు మరమ్మతు ఖర్చు కలిపితే వీధిలోని మంచి ఇంటి ధరను దాటిపోకూడదు. దాటితే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం.

2. ఇప్పుడు ఇల్లంతా తిరిగి చూద్దాం. పగులు కనిపిస్తే రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. నెల తర్వాత పగులు గీత దాటిందా? అయితే ఇంజనీరును పిలవాల్సిందే. తాడిపత్రి, గుంతకల్లు వైపు నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంగుతుంది కాబట్టి అక్కడ ఈ పని మానొద్దు. మట్టి మిద్దె అయితే దూలాలను కర్రతో తట్టి వినండి. బోలుగా మోగిన చోట చెద తిని ఉండొచ్చు.

3. మేడ వేయాలనుకుంటున్నారా? మట్టితో కట్టిన రాతి గోడల మీద స్లాబ్ వేయొచ్చా అన్నది మేస్త్రీ మాట మీద వదిలేయకండి, ఇంజనీరుతో చూపించండి. మున్సిపాలిటీ అనుమతి చేతికి వచ్చాకే గునపం పట్టాలి. అనుమతి లేని మేడకు బ్యాంకు అప్పు పుట్టదు. అప్పు దొరక్కపోతే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు.

4. దీపావళి వెళ్లాక పని మొదలుపెడదాం. ఏప్రిల్, మే నెలల్లో వేసిన స్లాబ్ మన ఎండకు త్వరగా ఆరి పగుళ్లిస్తుంది. పైగా తడపడానికి ట్యాంకర్ కొనాలి. ఏ కాలంలో వేసినా కనీసం 10 రోజులు తడి ఆరనివ్వొద్దు.

5. పని పైనుంచి కిందికి, లోపల్నుంచి బయటికి సాగాలి. ముందు కప్పు. తర్వాత గోడల్లో పైపులు, కరెంటు తీగలు. ఆపైన ప్లాస్టరింగ్, నేల, చివర రంగు. కప్పు పని ముగిశాక మిద్దె మీద బకెట్ నీళ్లు పోసి చూడండి. నీళ్లు నిలవకుండా గొట్టం వైపు పారితే వాటం సరిగా ఉన్నట్టే. నిలిచాయా, మేస్త్రీ ఉండగానే సరిచేయించండి.

6. ఇక సంపు. మన ఇంటి విలువను నిజంగా పెంచే పని ఇదేనని నా నమ్మకం. లెక్క వేద్దాం. 1000 చదరపు అడుగుల మిద్దె అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 550 మిల్లీమీటర్లకు 51,000 లీటర్లు. ఐదో వంతు వృథా పోయినా 40,000 మిగులుతాయి. పొడవు 8, వెడల్పు 7, లోతు ఆరున్నర అడుగుల సంపులో 10,000 లీటర్లు పడతాయి. నిండగా పొర్లే నీటిని బోరు పక్కన ఇంకుడు గుంతకు మళ్లిద్దాం. తొలి వాన నీటిని మాత్రం వదిలేయండి, దుమ్మంతా అందులోనే ఉంటుంది. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ, వాన నీటికి ఆ బెడద లేదు. సంపును సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వించండి. ఈశాన్యంలో కుదిరితే ఇంకా మంచిది, కొనేవాళ్లు వాస్తు అడుగుతారు.

7. నేలకు తాడిపత్రి బండలు చాలు. కాలికి చల్లగా ఉంటాయి, ఏళ్ల తరబడి నిలుస్తాయి. మిద్దె పైన తెల్లసున్నం పూయిస్తే గదుల్లో వేడి తగ్గుతుంది. సోలార్ పలకలు పెట్టించుకునే ఆలోచన ఉంటే 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ ఉంది. వాటి తీగకు గొట్టం ఇప్పుడే గోడలో వేయించేయండి.

జరిగే పొరపాట్లు

బండలు పరిచాక పైపు గుర్తుకు రావడం అన్నిటికన్నా ఎక్కువగా చూశాను. పరిచిన బండను పగలకుండా లేపడం కష్టం.

మేస్త్రీకి డబ్బంతా ముందే ఇచ్చేయొద్దు. స్లాబ్‌కు ఇంత, ప్లాస్టరింగ్‌కు ఇంత అని రాసుకుని, పని చూసి ఇద్దాం. కూలీ ఒక్కటేనా, సిమెంటు, ఇసుకతో సహానా అన్నదీ ఆ కాగితంలోనే ఉండాలి.

బిల్లులు పారేయకండి. రేపు ఇల్లు అమ్మితే లాభం మీద పన్ను లెక్కకట్టేటప్పుడు మేడ, సంపు లాంటి కొత్త కట్టడాల ఖర్చు చూపించుకోవచ్చు, మామూలు మరమ్మతులకు మాత్రం కుదరదు.

గోడలు పూడ్చే ముందు ప్రతి పైపునూ, తీగనూ టేపు పక్కన పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత మేకు కొట్టాలన్నా, ఇల్లు కొనేవాళ్లకు లోపలి పని చూపించాలన్నా ఆ ఫొటోలే కావాలి.