ఎందుకు వెళ్ళలేదని అడిగే ముందు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

బెర్లిన్‌లో నువ్వుండే ఇంటి ముందు కాలిబాటలో పొదిగిన ఇత్తడి ఫలకం మీద ఓ యూదు ముసలావిడ పేరు, తెరేజియన్‌స్టాట్ అన్న మాట చూశానని రాశావు. భర్త పోయి ఒంటరిగా బతికిన మనిషని తెలిసిందట. నాజీల ముప్పు ముంచుకొస్తుంటే ముందే ఎందుకు వెళ్ళిపోలేదని అడిగావు.

తల్లీ, 1933లో జర్మనీలో 5 లక్షలకు పైగా యూదులుండేవారు. 1939 నాటికి సగానికి పైగా దేశం విడిచారు. మిగిలినవాళ్ళలో వృద్ధులు, వారిలోనూ ఆడవాళ్ళు ఎక్కువ. భయం తెలియక కాదు. వెళ్ళాలంటే ఉన్నది అయినకాడికి అమ్ముకోవాలి, వలస పన్ను కట్టాలి, 10 మార్కులతో సరిహద్దు దాటాలి. అమెరికా వీసాకు అక్కడివాళ్ళెవరైనా పూచీ పడాలి. బ్రిటన్ ఇంటిపనికి ఆడవాళ్ళను రానిచ్చింది కానీ, వయసులో ఉన్నవాళ్ళనే. 1938 జులైలో ఎవియాన్ పట్టణంలో 32 దేశాలు ఈ శరణార్థుల గురించి సమావేశమై జాలిపడ్డాయి. డొమినికన్ రిపబ్లిక్ తప్ప దాదాపు ఏదీ రమ్మనలేదు.

పైగా అలాంటి ముసలావిడ మనసులో ఎంత గుంజాటన! భర్త సమాధిని వదిలి, భాష తెలియని చోట పిల్లలకు బరువై బతకాలా అని. ఆ సందేహం తీరేలోగానే, 1941 అక్టోబరులో వలసను నిషేధించారు. మరుసటి ఏడు నాజీలు ముసలివాళ్ళను తెరేజియన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తరలిస్తూ, అదేదో వృద్ధాశ్రమమన్నట్టు ఒప్పందాలు రాయించి, మిగిలిన సొమ్మూ లాక్కున్నారు.

1943 అక్టోబరులో డెన్మార్క్ సంగతి చూడు. యూదులను పట్టుకుపోతారని ముందే కబురు అందింది, ఇరుగుపొరుగు దాచిపెట్టారు, జాలరులు పడవలిచ్చారు, స్వీడన్ రమ్మంది. 7,000 మందికి పైగా గట్టెక్కారు. దొరికిపోయిన కొద్ది వందల మందిలో కదల్లేని వృద్ధులూ ఉన్నారు. ఒంటరి ముసలి ప్రాణం నిర్ణయం ఆమె ధైర్యం మీద కన్నా, చుట్టూ ఉన్నవాళ్ళ మీదే ఎక్కువ ఆధారపడుతుందమ్మా.

అందుకే చెబుతున్నాను. ఉండిపోయినవాళ్ళను తప్పు పట్టకు. వెళ్ళాలా వద్దా అని సతమతమయ్యే పెద్దావిడ ఎవరైనా ఎదురైతే "ఏమీ కాదులే" అని ఓదార్చకు. దారి తెరిచి ఉండగానే బయల్దేరమను. ఆమె ఎవరికీ బరువు కాదని చెప్పు. కాగితాలు నింపు, సామాను సర్దు, వెంట వెళ్ళు.

ఇప్పుడు మీ ఊళ్ళోనే సిరియా, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళున్నారు. వారానికొక పూట వెళ్ళి, ఆఫీసుల్లో వాళ్ళ పక్కన కూర్చుని దరఖాస్తులు చదివి పెట్టు. నువ్వు నేర్చిన జర్మన్‌కు అంతకన్నా మంచి పని లేదు.

ఇట్లు,
మీ తాతయ్య