పక్కింటివాళ్లను ఏదైనా అడగండి

2025లో ఉగాది, శ్రీరామనవమి రెండూ ఆదివారాలే వచ్చాయి. మార్చి 30న ఉగాది, ఏప్రిల్ 6న నవమి. ఎవరూ సెలవు పెట్టాల్సిన అవసరం లేకపోయింది. అయినా నాకు తెలిసిన చాలా అపార్ట్‌మెంట్లలో ఆ రెండు ఆదివారాలూ తలుపులు మూసుకునే గడిచిపోయాయి. ఎవరింట్లో వాళ్లు పచ్చడి చేసుకున్నారు, వాట్సాప్‌లో శుభాకాంక్షలు పంపుకున్నారు, సాయంత్రం మాల్‌కి వెళ్లొచ్చారు. పండగ ఉంది, తీరిక ఉంది, గోడకు అవతల మనుషులూ ఉన్నారు. ఒకరితో ఒకరికి పని మాత్రం లేదు.

నలుగురిలో కలిసిపోవాలంటే నలుగురికీ పెట్టాలి, సాయం చేయాలి అని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెబుతాయి. మంచి మాటే. కానీ పెట్టేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. మిఠాయి డబ్బా ఇచ్చి గుమ్మంలోంచే తిరిగి వచ్చేయొచ్చు. అడగడం అలా కాదు. అడిగినప్పుడు ఎదుటివాళ్ల గుమ్మం ముందు కాసేపు నిలబడాలి, మన ఇంట్లో ఏది లేదో చెప్పుకోవాలి. అందుకే అది కష్టం, అందుకే దానికి అంత బలం. ఇరుగుపొరుగుతో కలిసి బతకాలనుకునే మనిషి ముందు అలవరచుకోవాల్సింది అడగడమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకప్పుడు వేపచెట్టు ఉన్న ఇంటికి ఉగాది పొద్దున్నే పది మంది పిల్లలు పువ్వు కోసం వచ్చేవారు. గ్లాసుడు పంచదార, రెండు రెబ్బల కరివేపాకు, దోసెల పెనం, నిచ్చెన ఇవన్నీ వీధంతా తిరిగేవి. గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదని అందులో ఏదో ఒకటి వేసి పంపేవారు. ఇప్పుడు కరివేపాకు కూడా పది నిమిషాల్లో ఇంటికొస్తోంది. ఆ సౌకర్యం వద్దనను. కాకపోతే ఆ చిన్న చిన్న చేబదుళ్లతోపాటు రోజూ ఒకరి గడప ఒకరు ఎక్కే సాకు కూడా పోయింది.

మనల్ని ఆపేది మొహమాటం. ‘ఏమనుకుంటారో’, ‘ఇబ్బంది పెట్టినట్టవుతుందేమో’ అంటాం. ఆ మాటల కింద ఇంకోటి దాగి ఉంటుంది: ‘రేపు వాళ్లు మనల్ని అడుగుతారేమో!’ ఎవరికీ బాకీ పడకుండా బతకడమే గౌరవం అనుకుంటాం. అడగందే అమ్మైనా పెట్టదని సామెత చెప్పుకుంటూనే, ఎదురింటివాళ్లు అడగకుండానే దగ్గరవ్వాలని ఆశిస్తాం.

అడిగితే కాదంటారేమో అన్న భయంలో ఎంత పస ఉందో పరిశోధకులు చూశారు. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో కొందరిని ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గరికి పంపి ప్రశ్నావళి నింపమని, ఫోన్ ఒక్కసారి ఇమ్మని అడిగించారు. ఎంతమంది ఒప్పుకుంటారో ముందే అంచనా వేయమన్నారు. ఆ అంచనాల కంటే చాలా ఎక్కువమంది ‘సరే’ అన్నారు. తెలియనివాళ్లే అలా ఉంటే, రోజూ లిఫ్టులో కనిపించేవాళ్ల మాటేమిటి?

అడిగితే మన మీద చులకన కలుగుతుందన్నదీ అపోహే. తనంటే పడని ఒక శాసనసభ్యుడి దగ్గరున్న అరుదైన పుస్తకాన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్ అరువడిగాడు. చదివి, ధన్యవాదాలు రాసి తిరిగిచ్చాడు. ఆ తర్వాత ఆయన తనతో మాట కలిపాడనీ, బతికున్నంతకాలం స్నేహంగా ఉన్నాడనీ ఫ్రాంక్లిన్ ఆత్మకథలో రాసుకున్నాడు. 1969లో జెకర్, లాండీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగం చేసి చూశారు. ప్రయోగంలో గెలుచుకున్న డబ్బును పరిశోధకుడే స్వయంగా వచ్చి ‘నాకు సాయంగా తిరిగివ్వగలరా’ అని అడిగితే, ఇచ్చినవాళ్లకు అతని మీద మిగతావాళ్లకంటే ఎక్కువ ఇష్టం కలిగింది. ఎవరికోసం మనం కాస్త చెయ్యి కదిపామో వాళ్లు మనవాళ్లలా అనిపిస్తారు.

మన వసంత నవరాత్రుల పందిళ్లు నిలబడింది ఈ సూత్రం మీదే. మా వీధి నవమి పందిట్లో కొన్న వస్తువు కంటే అడిగి తెచ్చిన వస్తువే ఎక్కువ. గంగాళం ఒకరిది, చాపలు ఇంకొకరివి, మైకు మరొకరిది. పానకం పని చూస్తే చాలు. బెల్లం దిమ్మలు రోకలితో కొట్టేది కుర్రాళ్లు. నానిన బెల్లం నీళ్లను పల్చటి పంచె కట్టి వడగడితే అడుగున ఇసుక, చెరకు పీచు మిగులుతాయి. మిరియాలు, యాలకులు దంచేది ఒక ఇల్లు, శొంఠి పొడి ఇచ్చేది ఇంకో ఇల్లు. కలిపాక వీధి చివరి ఇంటి బామ్మగారికి గ్లాసు అందించాలి. ఆవిడ ఒక గుక్క తాగి, కాసేపు ఆగి, ‘మిరియం గొంతులో తగలట్లేదర్రా’ అంటే మళ్లీ రోలు దగ్గరికి పరుగు. ఆవిడ నడవలేరు, బరువులు మోయలేరు. అయినా ఆవిడ సరే అననిదే పానకం పందిట్లోకి రాదు. ఎనభై ఏళ్ల మనిషికి ‘మీరు లేకపోతే మాకు కుదరదు’ అని చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

ఇదే పనిని మరింత పెద్దగా చేసేవాళ్లున్నారు. భద్రాచలం సీతారాముల కల్యాణానికి కోరుకొండ ప్రాంత భక్తులు గోటి తలంబ్రాలు సిద్ధం చేస్తారు. వడ్లు మిల్లుకు వెళ్లవు, రోట్లోనూ పడవు. ఒక్కో గింజ పొట్టూ గోటితో ఒలుస్తారు. ఒక్కరికైతే అసాధ్యమైన పనిని ఇన్ని చేతులకు పంచితే, పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ అందులో వాటా దొరుకుతుంది.

అడగడానికి ఒక తీరు ఉంది. ‘అందరూ సహకరించగలరు’ అని గ్రూపులో పెడితే ఎవరూ కదలరు. మనిషి దగ్గరికి వెళ్లి, పేరు పెట్టి పిలిచి, చిన్న పని, ఫలానా టైము అని చెప్పాలి. ‘అన్నయ్యా, శనివారం సాయంత్రం మామిడాకులు కట్టడానికి ఒక గంట రాగలవా?’ అంటే వస్తాడు. వారం కిందట దిగిన అద్దెవాళ్లను మొదట అడగాలి. పని దొరికితే వాళ్లు ఆ పూటకే ఊరివాళ్లవుతారు. నవమి మొక్కు లేని ఇరుగుపొరుగును కూడా వదలొద్దు. వాళ్లకు ఇబ్బందిలేని పని ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

అయితే కాదనే వీలులేని మనిషిని అడగడం అడగడం కాదు, పురమాయించడం. వాచ్‌మన్‌ని కుర్చీలు మోయమన్నప్పుడు, పనిమనిషిని ఆదివారం కూడా రమ్మన్నప్పుడు కూలి ఇచ్చి తీరాలి, భోజనానికి పంక్తిలో కూర్చోబెట్టాలి. ఇంకో సంగతి కూడా నన్ను బాధపెడుతుంది. సామూహిక భోజనాలనగానే ఆడవాళ్ల ఆదివారమంతా పొయ్యి దగ్గరే కరిగిపోతుంది. మగవాళ్లు కుర్చీల్లో కూర్చుని వసంతం ఎంత బాగుందో మాట్లాడుకుంటారు. కూరలు తరగడం, వడ్డించడం, గిన్నెలు తోమడం మగవాళ్లకు అప్పజెప్పండి. ఆడవాళ్లు నోరు తెరిచి అడిగేదాకా ఆగకండి. ఏళ్ల తరబడి వాళ్లు అడుగుతూనే ఉన్నారు, మనమే వినట్లేదు.

వచ్చే శనివారం పిల్లల్ని వెంటబెట్టుకుని రెండు తలుపులైనా తట్టండి. నిచ్చెన కావచ్చు, పెద్ద గిన్నె కావచ్చు, ఆవకాయకి కాయ ఎలా ఎంచాలో చెప్పే సలహా కావచ్చు. మాట్లాడేది పిల్లలనే మాట్లాడనివ్వండి. ‘పిన్నిగారూ, అమ్మ అడగమంది’ అనే చిన్న మాట పలకడానికి తడబడే పిల్లలు ఇప్పుడు ఎంతోమంది. ఎవరైనా లేదనొచ్చు. ‘పర్వాలేదండీ’ అని నవ్వుతూ వెనుదిరగడం ఎలాగో కూడా వాళ్లు అక్కడే చూస్తారు. నాలుగు రోజులాగి ఆ ఇంటికే ఇంకాస్త చిన్న అవసరంతో మళ్లీ పంపండి. ఈసారి వాళ్లు లోపలికి రమ్మంటారు.